మూడోసారి అడగని పేట

మానవ నాగరికత మొత్తానికీ మూలస్తంభం ఒక్కటే: ఎదుటివాళ్లు ఇస్తానన్నదాన్ని వద్దనడం. ఐర్లండ్‌లో పుట్టిన ఎవరినైనా అడగండి. ("అబ్బే, నాకేం తెలుసు" అంటారు. అదీ ఇందులో భాగమే.)

పద్ధతి తేలిక. టీ తాగుతారా అంటారు, వద్దనాలి. మళ్లీ అడుగుతారు, ఛాతీ మీద చెయ్యేసుకుని వద్దనాలి. మూడోసారి "ఒక్క చుక్క" అంటారు. అప్పుడు "మీరింతగా చెబుతుంటే..." అంటూ రెండు కప్పులు లాగించాలి. నేను పుట్టిన లిమెరిక్‌లో ఇది చట్టం. నేను పెళ్లాడి స్థిరపడిన ఈ డాల్కీలో మాత్రం, కిటికీలోంచి కనబడే సముద్రానికి ధర పెరిగినప్పటి నుంచీ, మా పేట మర్యాదల సంఘం ఆ మూడో అడగటాన్ని రద్దు చేసింది. సముద్రస్నానానికి ఆలస్యమైపోతోందట. ఈ సవరణ ఎక్కడా ప్రకటించలేదు. ప్రకటించడం మర్యాద కాదు కదా!

అలాంటి పేటలోకి మా చెల్లెలి మొగుడు మాలకీ ఎర్రచొక్కా తొడుక్కుని దిగాడు. మా లిమెరిక్ వైపు ఎర్రచొక్కాల మన్‌స్టర్‌కీ, ఈ డాల్కీ వైపు నీలంచొక్కాల లెయిన్‌స్టర్‌కీ జరిగే రగ్బీ మ్యాచ్‌కి. వాడు పుట్టి బుద్ధెరిగాక ఆ మ్యాచ్ టీవీలో చూడటమే తప్ప స్టేడియం గడప తొక్కలేదు. ఈసారి చూసి తీరాలట. టికెట్ లేదు. "దేవుడున్నాడు బావా" అన్నాడు.

మా ఇంట్లో అత్తవారి వైపు నీలంచొక్కాలు మెట్ల మీద కూడా పడుకుని ఉన్నాయి. అందుకని వాణ్ని పక్కింటి ఊనా గారి మేడగదిలో దింపాను. సంఘం అధ్యక్షురాలు ఆవిడే.

మ్యాచ్ రోజు పొద్దున ఆవిడ వాణ్ని సముద్రంలో ముంచి తెచ్చింది. (అతిథికి ఇది తప్పనిసరి. నల్లబడ్డ పెదాలతో "ఆహా, ఎంత హాయి" అనడం కూడా.) నేనూ వెళ్లి వాళ్ల వంటింట్లో కూర్చున్నాను. ఆవిడ బల్ల మీద టికెట్ పెట్టింది.

"మాలకీ నాయనా, మా ఆయన పోర్చుగల్‌లో గోల్ఫ్ ఆడుకుంటున్నాడు. టికెట్ ఊరికే పడుంది. నువ్వు రాకూడదూ?"

వాడి కళ్లు చెమర్చాయి. "అయ్యో, వద్దులెండి. మీవాళ్లెవరైనా ఉంటారు," అన్నాడు.

బల్ల కింద వాణ్ని ఒక్క తన్ను తన్నాను. ఇక్కడే సాంకేతిక లోపం జరిగింది. లిమెరిక్‌లో బల్ల కింద తన్నుకి ఒకటే అర్థం: ఇంకా గట్టిగా వద్దను, పరువు తీయకు. మా అమ్మలందరూ మమ్మల్ని అలాగే పెంచారు.

"ఎవరూ లేరయ్యా, రా," అంది ఊనా గారు.

ఈసారి పిక్క మీద తన్నాను.

"ఛ ఛ! నాకు టీవీలో చూడటమే ఇష్టమండీ. అక్కడ ఆ గోలా, ఆ చలీ..." అన్నాడు మహానటుడు. చెయ్యి అప్పటికే టికెట్ వైపు సగం చాచి ఉంది.

"అలాగా. సరే అయితే," అని ఆవిడ టికెట్ పర్సులో వేసుకుని, కోటు తగిలించుకుని రైలుకి వెళ్లిపోయింది.

మాలకీ తలుపు వంకే చూస్తున్నాడు. "మూడోసారి అడగడానికి వెనక్కొస్తుంది కదా బావా?"

"ఇక్కడ రెండేరా."

"మరి నన్నెందుకు తన్నావ్?"

"తీసుకోమని!"

"తీసుకోమని ఎవడైనా తంతాడా?"

మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది. పిల్లలున్న ఇంట్లో పూర్తిగా చెప్పను.

మధ్యాహ్నం మా టీవీలో ఊనా గారు కనబడింది. పక్క సీట్లో ఆవిడ కోటు, మైదానం వైపు తిరిగి నిటారుగా కూర్చుని ఉంది. మన్‌స్టర్‌ని గెలిపించిన ట్రై (గీత దాటి బంతిని నేలకి ఆనించడం, మన గోల్ లాంటిదే) సరిగ్గా ఆ కోటు ఎదురుగానే పడింది. మా హాల్లో నీలంచొక్కాలన్నీ సోఫాల్లో కూలబడ్డాయి. మాలకీ ఒక్కడే గంతులేశాడు, ఆ వెంటనే ఏడ్చాడు. "ఆ కోటుకి రగ్బీ తెలుసా బావా?"

ఆ సాయంత్రం ఆవిడ వంటింట్లో వాడు పూర్తిగా మారిపోయిన మనిషి.

"మాలకీ, కాస్త టీ..."

"ఇవ్వండి."

"కేకు ముక్క..."

"అదీ ఇవ్వండి."

ఊనా గారు రెండూ ఇచ్చింది. తర్వాత నేను ఇంటికొచ్చేశాక రెండిళ్ల మధ్య గోడ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి నాతో అంది: "పొద్దున టికెట్ దగ్గర ఎంత పద్ధతిగా ఉన్నాడయ్యా! వచ్చే ఏడాది టికెట్ కూడా ఇతనికే ఇద్దామనుకున్నాను. ఇలా అడగ్గానే తీసేసుకునేవాడికి ఎలా ఇస్తాం?"