ముందు బెంచీలో ఘనం

గుంటూరులో పేరున్న ఒక ప్రైవేటు బడిలో, అయిదో తరగతి పరీక్షలు కాగానే జోషిత అనే పాపను అక్కడే ఉంచేసి, ఆమె పట్టుకొచ్చిన చీపురుపుల్లల ఘనాన్ని, అంటే ఆరు చదరపు ముఖాల డబ్బా ఆకారాన్ని, ఆరో తరగతికి పంపించారు. ఇందులో పక్షపాతమేమీ లేదు. మార్కులు వచ్చింది ఘనానికే.

దాన్ని కట్టింది జోషిత తండ్రి శివన్నారాయణ. "ఇంట్లో దొరికే వస్తువులతో పిల్లలే స్వయంగా రేఖాగణిత ఆకారాలు చేయవలెను" అని బడివాళ్లు మెసేజ్ పెట్టగానే, 'పిల్లలే స్వయంగా' అంటే ఏమిటో తెలిసిన తండ్రిగా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టాడు. కొత్త కొబ్బరి చీపురు విప్పి, పుల్లలు సమానంగా కోసి, మూలల్లో చపాతీ పిండి ఉండలు పెట్టి ఆరబెట్టాడు. జోషిత కూడా ఒకటి కట్టింది. అది ఒక పక్కకు ఒరిగిపోయి, చూస్తేనే నవ్వొచ్చేలా తయారైంది. ఆ పిల్లకు భలే నచ్చింది కూడా.

"ఛీ, ఇదేంటే, తాగినోడిలా ఊగుతోంది! నాన్న చేసింది పట్టుకెళ్లు" అని తల్లి కుసుమ దాన్ని తీసి చెత్తబుట్టలో వేసింది.

ఫలితాలు చూసి దంపతులిద్దరూ ప్రిన్సిపాల్ విశాలాక్షి దగ్గరికి పరిగెత్తారు.

"మా పాప సంగతేంటి మేడమ్?"

"మీ క్యూబ్ చాలా బ్రిలియంట్ అండీ" అంది ఆవిడ. "పెట్టినచోట ఉంటుంది. మాట్లాడదు. మంచినీళ్లని లేవదు. పాపేమో ఊరికే ఎందుకు, ఎందుకు అంటుంది. అన్ని ఎందుకులకి మా టీచర్లకి టైమెక్కడిది చెప్పండి?"

శివన్నారాయణకు కోపం రావలసిందే. కానీ తన చేతిపని ఆరో తరగతి చదవబోతోందంటే ఏ తండ్రికి గుండె ఉప్పొంగదు? ఉప్పొంగింది. ఇద్దరూ ఆవిడకి దణ్ణం పెట్టి, ఘనానికి యూనిఫాం కొలతలిచ్చి వచ్చారు.

జూన్ నుంచి ఘనం బడి వ్యానులో కిటికీ పక్కన కూర్చుని వెళ్లసాగింది. క్లాసులో దానికి ముందు బెంచీ ఇచ్చారు. పేరెంట్స్ మీటింగులో తక్కిన తల్లిదండ్రులు తమ పిల్లల తలలు దానివైపు తిప్పి, "చూసి నేర్చుకో" అన్నారు. ఒక ఫీజుకి ఒకటే సీటు కాబట్టి ఇంట్లో ఉండిపోయిన జోషిత మాత్రం రోజూ వ్యాను మలుపు తిరిగేదాకా ఇంటి గేటు పట్టుకుని నిలబడేది. వ్యానులో ఆమె స్నేహితులున్నారు. కొన్నాళ్లకి వాళ్లు చెయ్యి ఊపడం మానేశారు. ఊపితే కదిలినట్టు లెక్క, మార్కులు పోతాయి.

"నా సీటు నాకిప్పించు నాన్నా" అని ఒకరోజు ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. "ఏం చెయ్యమన్నా చేస్తాను."

పాపం, మంచి తండ్రే. మళ్లీ వెళ్లి ప్రిన్సిపాల్‌ని కలిశాడు. ఆవిడా కాదనలేదు. రీటెస్టు రాయడం ప్రతి విద్యార్థి హక్కు. పాప ఒళ్లు లంబకోణాలు చూసే మూలమట్టానికి సరిపోవాలి, అంతే. ఇంటికొచ్చి శివన్నారాయణ కూతురి వీపుకి స్కేలు ఆనించాడు. మోకాళ్లు తిన్నగా మడిపించాడు. కుసుమ మోచేతుల దగ్గర పిండి ఉండలు అద్దింది. మొదట్లో జోషితకు దురద పుట్టేది, నవ్వొచ్చేది, ఉండుండి ఒక 'ఎందుకు' నోటిదాకా తన్నుకొచ్చేది. పిండి ఆరేకొద్దీ అన్నీ తగ్గాయి.

దసరా సెలవులయ్యాక రీటెస్టు జరిగింది. విశాలాక్షి అన్నివైపులా మూలమట్టం ఆనించి చూసి, "ఎక్స్‌లెంట్" అంది. ఘనం పక్కనే సీటిచ్చారు. ఆ సాయంత్రం వ్యాను డ్రైవరు పాపను రెండు చేతులతో పట్టి దించి గుమ్మంలో పెట్టాడు.

"సీటొచ్చేసిందిగా తల్లీ, ఇంక పోయి ఆడుకో" అన్నాడు తండ్రి.

జోషిత కదల్లేదు. ఆయన ఇంకోసారి పిలిచాడు. కుసుమ ఆనందంతో కళ్లు తుడుచుకుంటూ వాళ్లక్కకి ఫోన్ చేసింది.

"మా జోషి ఎంత మారిపోయిందో అక్కా! అసలు అల్లరే లేదనుకో. బంగారం!"