గులాబీ పురుగు ప్రాణంతో హాజరు కావాలి

మానవజాతి సాధించిన ఘనవిజయాల్లో పత్తి చెట్టుకు ఆత్మరక్షణ నేర్పడం ఒకటి. మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవిలోంచి జన్యువును తీసి పత్తి గింజలో పెట్టారు. గింజ మొలిచింది. ఆకూ కాయా తమ విషాన్ని తామే తయారు చేసుకున్నాయి. పురుగు కొరికితే చస్తుంది.

మొదట్లో పురుగులు ఈ నిబంధనను గౌరవించాయి. తర్వాత కొన్ని మొండివి బతికాయి. మొండివి మొండివాటినే పెళ్లాడి, ఇంకా మొండి పిల్లల్ని కన్నాయి. (ఇలా జరుగుతుందనే, విషం లేని మామూలు గింజల పొట్లం ఒకటి వేరుగా ఇచ్చి చేను చుట్టూ వేయమన్నారు. అక్కడ మెత్తని పురుగులు కొన్ని బతికి, మొండివాటితో వియ్యమందుతాయట. పురుగుల పెళ్లికి సొంత భూమి ఎవరిస్తారు? పొట్లాలు గట్టు మీదే పడి ఉండిపోయాయి.)

ఈ సంగతి జన్యు పంటల ఫిర్యాదుల సంస్థకు ఇంకా అధికారికంగా తెలియదు.

సంజామల దగ్గర నల్లరేగడిలో పత్తి వేసిన సంజీవయ్యకు మాత్రం అక్టోబరులో తెలిసింది. పైకి నిగనిగలాడే కాయను చీలిస్తే లోపల గులాబీ రంగు పురుగు, తీరిగ్గా. పత్తి పీకేసి శనగ వేయాలి. ప్రభుత్వం శనగ విత్తనం ఇవ్వాలంటే పత్తి పోయిందని సంస్థ ధ్రువీకరించాలి. ఈలోగా నేలలో పదును ఆరకూడదు.

"పదును ఎవురి కోసరమూ ఆగదు. బేగా పో," అంది భార్య రూతు.

సంస్థకు రెండు విభాగాలు. ఆకు విభాగం నంద్యాలలో. పురుగు విభాగం ఆళ్లగడ్డలో. పురుగు ఆకును తిన్నదా లేదా అన్న ప్రశ్న రెంటికీ మధ్య, శిరివెళ్ల దగ్గర ఎక్కడో రోడ్డు పక్కన ఉంటుంది.

నంద్యాలలో ఆకు అధికారి వినయ్ సంజీవయ్య తెచ్చిన ఆకును నీళ్లలో నూరి, విషం ఉందో లేదో చెప్పే పరీక్ష పట్టీ ముంచాడు. రెండు గీతలు పడ్డాయి.

"విషం బ్రహ్మాండంగా ఉందప్పా. విత్తనం అసలుదే."

"మరి పురుగు తింటాండాది గదా సార్?"

"పురుగు ఆళ్లగడ్డలో."

"పురుగు నా చేన్లో ఉండాది సార్."

"నీ చేనులోది ఫిర్యాదు. ఆళ్లగడ్డకు చేరాకే అది పురుగు."

సంజీవయ్య కాయతో సహా పురుగును డబ్బాలో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. పురుగు అధికారి సుష్మ మూత తీసి భూతద్దంతో చూసింది.

"బతికే ఉంది."

"అదే గదమ్మా నా బాధ."

"విషం ఉందని నంద్యాల వాళ్లు రాశారు. తిని ఉంటే చచ్చేది. చావలేదంటే తినలేదు."

"తినకుండా కాయలో ఏం చేస్తాండాది? కాపురమా?"

"ఉద్దేశాలు మా పరిధిలోకి రావు."

వారం తిరగకముందే ఇంకో పురుగును తీసుకెళ్లాడు. బస్సు వేడికి అది దారిలోనే పోయింది. సుష్మ మొహం వెలిగింది. "చచ్చింది! విత్తనం పనిచేసింది. అభినందనలప్పా."

మూడో మార్గాన్ని ఆమే దయతో సూచించింది. పురుగు ప్రాణంతో హాజరై, అధికారి సమక్షంలో కాయను తినాలి. (తినే వేళలు పురుగు నిర్ణయించుకోవచ్చు. ఆఫీసు వేళల్లోనే నిర్ణయించుకోవాలి.)

ఈసారి రూతు కూడా వచ్చింది. డబ్బాకు చిల్లులు పొడిచి, ఒళ్లో పెట్టుకుని, గుంతల దగ్గర రెండు చేతులా పట్టుకుని తెచ్చింది. అధికారి మీటింగులో ఉన్నారు. రేపు రమ్మన్నారు. రేపు సెలవు. తర్వాత నంద్యాల నుంచి ఆకు కాగితం అసలు ప్రతి రావాలన్నారు. ఇన్ని రోజులూ డబ్బాను రూతు దీపంలా కాచింది. చివరికి సుష్మ బల్ల మీద మూత తీసేసరికి బూడిద రంగు రెక్కల పురుగొకటి బయటికెగిరి, గోడ మీది ఆరోగ్యకరమైన పత్తి బొమ్మపై వాలింది.

"ఇది పురుగు కాదే," అంది సుష్మ.

"అదే మేడం. మీరు ఆలీసం చేసినారు, రెక్కలొచ్చినాయి," అంది రూతు.

"రెక్కలున్నవాటికి ఇంకా విభాగం మంజూరు కాలేదమ్మా."

రూతు డబ్బా మూత పెట్టేసింది. "మేడం, మా చేనికొచ్చి ఒక్క పూట కూకోండి. అదెట్ల తింటాదో మీ కండ్లతోనే చూద్దురు."

సుష్మ ఆలోచించింది. నిబంధనల్లో దీనికి అడ్డు ఏదీ దొరకలేదు. తనిఖీ మంజూరైంది.

రెండు విభాగాల బృందం వచ్చే నాటికి నల్లరేగడి నెర్రెలు విచ్చింది. రూతు వంగి నెర్రెలో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పోయింది. తడి తగల్లేదు.

"పదును పోయిందయ్యా," అంది సంజీవయ్యతో.

వినయ్ ఆకు కోసం వెతికాడు. సుష్మ పురుగు కోసం వెతికింది. ఇద్దరూ ఒకే చేనులో నిలబడడం సంస్థ చరిత్రలో ఇదే మొదటిసారి గనక ఫొటో దిగారు. ఎండిన కట్టెకొకటి చొప్పున విచ్చుకోని గుడ్డికాయలు వాళ్ల వెనక వేలాడుతున్నాయి.

నివేదిక వచ్చింది: "చేనులో గులాబీ పురుగు ఒక్కటీ కనిపించలేదు. కనుక పత్తిని తొలగించవలసిన అవసరం లేదు."

అందులో అబద్ధమేమీ లేదు. తినడానికి ఏమీ మిగలక పురుగులు పక్క చేనికి వెళ్లిపోయాయి. అవి ధ్రువీకరణ కోసం ఆగలేదు.