సన్నాయికీ సర్వర్‌కూ మధ్య

సత్యానందం ఆ పొద్దున ఎనిమిదింటికి సర్వర్ అప్‌డేట్ మొదలుపెట్టి, తొమ్మిదింటికి ముగించి, తొలి చెరుకు బండిని తూకం కాటా ఎక్కించాలనుకున్నాడు. అది 2009 సీజన్ మొదటి రోజు, మైకులో పొద్దున్నుంచీ సన్నాయి మోగుతోంది. ఇదంతా సాఫీగా జరిగితే మూడేళ్ల టెంపరరీ కంప్యూటర్ ఉద్యోగాన్ని పర్మనెంట్ చేస్తానని మేనేజర్ ఇనాయత్ సాబ్ మాటిచ్చాడు!

బోధన్ పక్కనున్న ఆ చక్కెర ఫ్యాక్టరీలో సర్వర్లు రెండే. ఒక్కోదాని పొట్టలో నాలుగైదు కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక సర్వర్‌ను అప్‌డేట్ చేయాలంటే దాని లోపలివన్నీ రెండోదానికి మారాలి. స్టోర్ లెక్కల కంప్యూటర్ మారింది, హాజరుది మారింది. కాటా కంప్యూటర్ మాత్రం రెండు శాతం దగ్గర బైఠాయించింది. మూడుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు. మూడుసార్లూ అదే రెండు!

"పోశన్నా, జర బండ్లు ఆపు," అని కాటా గుమస్తా పోశయ్యకు ఫోన్ చేశాడు.

పోశయ్య కారణం చెప్పకుండానే గేటు వేశాడు. ముందు బండి తుకారాంది. "నా చెరుకుకేం రోగమొచ్చిందే?" అని ఎగిరాడు. ఆ మాట నాలుగు బండ్లు దాటేసరికి చెరుకు కొనరట అయింది. కోటగిరి బండ్ల దాకా పోయేసరికి ఫ్యాక్టరీయే మూతపడిందట! పది బండ్లు వెనక్కి మళ్లాయి.

సత్యానందం ఈసారి ఎర్రర్‌ను చివరిదాకా చదివాడు. కాటా కంప్యూటర్‌కు సీడీ తగిలించి ఉంది, అది తీస్తే గాని కదలదట. చూస్తే సర్వర్‌లో నిజంగానే సీడీ గిర్రున తిరుగుతోంది! అంతలో పోశయ్య పరుగున వచ్చాడు.

"గది సన్నాయి సీడీ అన్నా! నా దాంట్ల సీడీ పెట్టే జాగ పాడైంది, గందుకే నీ దాంట్ల పెట్టి మైకుల ఇనిపిస్తున్న. తియ్యకు! తొలి బండి కాటా ఎక్కేదాక సన్నాయి ఆగొద్దని సాబ్ ఒట్టు వెట్టించుకున్నడు. పోయినేడు నడుమ ఆగితే బాయిలర్ పగిలింది."

"సీడీ తియ్యంది అప్‌డేట్ కాదు, అప్‌డేట్ కాంది బండి ఎక్కదు!"

"బండి ఎక్కంది సీడీ తియ్యద్దు!"

సత్యానందం జుట్టు పీక్కున్నాడు. ఆ వెంటనే లేచాడు. "నువ్విక్కన్నే ఉండు. నేను మైకు పట్టంగనే సీడీ తీసి గీ బటన్ నొక్కు, ఎన్ని శాతమైందో ఒర్లు!"

కాటా గదికి ఉరికి, మైకు లాక్కుని, ముక్కు మూసుకుని "పీ... పిపీ... పీ" అని అందుకున్నాడు. అతనికి వచ్చిన రాగం ఒక్కటే, చర్చిలో పాడే క్రిస్మస్ పాటది. మళ్లిన బండ్లు ఆగాయి. ఎద్దులు చెవులు నిక్కించాయి. "నలభై!" అని అక్కడినుంచి పోశయ్య కేక. "తొంభై! అయిపోయిందన్నా!" అనేసరికి పదకొండు నిమిషాలు గడిచాయి. తుకారాం బండి కాటా ఎక్కింది.

ఇనాయత్ సాబ్ కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "వాహ్! గింత మంచి సన్నాయి ఎన్నడు ఇనలే. సత్యానందం, నువ్వు పర్మనెంట్!"

మర్నాడు ఆర్డర్ వచ్చింది. సత్యానందాన్ని ఆస్థాన సన్నాయి విద్వాంసుడిగా నియమించారు. కంప్యూటర్లను మాత్రం, ఆపదలో సర్వర్‌ను బాగుచేసిన పోశయ్యకు అప్పగించారు.