మంత్రిగారి నడుము, నా పనితనం

రాష్ట్రంలో రోడ్డు లేని ప్రతి ఊరికీ తానే స్వయంగా వెళ్ళి, అక్కడి గుంతల బాధ తన ఒంటితో అనుభవించి, ఆ తర్వాతే రోడ్డు మంజూరు చేస్తానని మంత్రి కోదండరాంగారు యాభైనాలుగులో మౌంట్ రోడ్డు సభలో ప్రకటించారు. అంతటి త్యాగానికి జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మొదట ఆయన వెళ్ళబోయేది అంబత్తూరు అవతల, వాగు దాటితే వచ్చే మా అత్తగారి ఊరికి మరి.

నా భార్య పుష్పవల్లి తొలికాన్పుకని అప్పటికే పుట్టింట్లో ఉంది. నెలలు నిండాయి. ఆసుపత్రికి చేరాలంటే ఎద్దుబండిలో ఆ గుంతలన్నీ దాటి రావాలి. మంత్రిగారి పాత మిలిటరీ జీపు బాగుచేతకు పెరంబూరులోని నా షెడ్డుకే వచ్చిందని తెలిసి, మా మామ దేవరాజులు పరుగున వచ్చాడు.

"అల్లుడా, దానికేం చెయ్యబాక. యెట్టుండాదో అట్నే పంపు. ఆయన నడుము ఒకతూరి కదిలితే మనకు రోడ్డొస్తాది."

సరేనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ మర్నాడు మంత్రిగారి పి.ఏ. కామేశంగారు వచ్చి, ఈ పని చేయగల మొనగాడు మద్రాసు మొత్తానికి మీరేనట కదండీ అన్నారు. నన్ను 'మీరు' అన్న మొదటి ఆఫీసరు ఆయన. ఇక ఆగుతానా?

చక్రాల మీద బండి బరువు మోసే బిరుసు కమానుపట్టీలు విప్పి, పలచనివి సాగగొట్టి బిగించాను. రైలు ఫస్టుక్లాసు పెట్టెల్లోంచి తీసి పారేసిన స్ప్రింగులు పాతసామాను అంగడిలో కొని, సీటు కింద రెండు వరసలుగా వెల్డింగు చేశాను. వాగునీళ్ళు చొరబడకుండా పొగగొట్టాన్ని జీపు నెత్తి దాకా లేపాను.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. సీటు మీద నిండు కాఫీగ్లాసు పెట్టి బండి తోలతాం. చుక్క ఒలికితే మళ్ళీ అంతా విప్పుతాం. ఈ జీపును రైలుపట్టాల మీదుగా ఎక్కించి దించినా ఒలకలేదు. ఆ కాఫీ నేనే తాగి, నా అంతటివాడు లేడనుకున్నాను. మామ మాట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. నాలుగు స్ప్రింగులు పీకేద్దామని పనిముట్లు కూడా అందుకున్నాను. చేతులు రాలేదు.

ప్రయాణం రోజున నన్నూ వెనక ఎక్కించుకున్నారు. మంత్రిగారు అంబత్తూరు రాకముందే నిద్రపోయారు. నాలుగు చక్రాలూ నేలను పట్టి లాగుతుంటే జీపు వాగులో దిగి అవతలి గట్టెక్కింది. గుంతల్లో ఊగేకొద్దీ ఆయన ఇంకా హాయిగా గురక పెట్టారు. నాకు గర్వంతో ఒళ్ళు పులకరించింది.

ఊళ్ళో మామ దండ పట్టుకుని, ఆశగా మంత్రిగారి నడుము వంకే చూస్తున్నాడు. మంత్రిగారు చెంగున దిగి మైకందుకున్నారు.

"ఈ ఊరికి దారి లేదని ఎవరో గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. నేను కన్నుమూసి తెరిచేలోగా వచ్చాను. నా నడుమే సాక్షి."

రోడ్డు మాట అంతటితో సరి. ఆ రోడ్డు డబ్బుతో ఆఫీసర్లందరికీ ఇలాంటి జీపులే చేయించమని కామేశంగారికి చెప్పి, మామ వేసిన దండ తీసి నా మెడలో వేశారు. చెప్పకేం, సంతోషమే వేసింది. మామ ముఖం చూడకుండా సంతోషించాను.

తిరుగుప్రయాణంలో నా చోట ఊరివాళ్ళిచ్చిన గుమ్మడికాయలు కూర్చున్నాయి. నేను ఉండిపోయాను.

జీపు లేపిన దుమ్ము అణగకముందే పుష్పవల్లికి నొప్పులు మొదలయ్యాయి. ఎద్దుబండిలో గడ్డి పరిచి పడుకోబెట్టాం. మామ తోలుతున్నాడు. మెడలో దండ తీయడం కూడా మరిచి నేను వెనక నడుస్తున్నాను. మొదటి గుంతలో చక్రం దిగగానే పుష్పవల్లి కేక పెట్టింది.

మామ ఎద్దుల్ని ఆపి, వెనక్కి తిరిగి నన్ను మెల్లిగా అడిగాడు.

"అల్లుడా, ఆ స్ప్రింగులేమన్నా మిగిలుండాయా?"