ఆంజినమ్మవ్వ నడిచినంత వేగం

ఇందులో వీసమెత్తు అబద్ధం లేదు. కావాలంటే అనంతపురం కరువుసీమలోని విడపనకల్లులో ఎవరినైనా అడగండి. ఆ పొద్దున బయ్యన్న పెట్టుకున్న పని ఒక్కటే: తన మోటారు పడవను పంచాయతీ సెక్రటరీ రామదాసుకు నడిపి చూపించి, కాలువలో జనాన్ని సంతకు చేరవేయడానికి అనుమతి తెచ్చుకోవడం. అది రాకపోతే పడవ ఎనుములకు కుడితితొట్టి అవుతుందని పెళ్లాం ముందే తేల్చి చెప్పింది.

కాలువ ఎడ్లబండి తిరగనంత సన్నం. ఒక పక్క గుడ్డలుతికే ఆడవాళ్లు, ఇంకో పక్క ఎనుములు, నడుమ మిగిలిన సందు పడవకు. రామదాసు లైఫ్ జాకెట్ బిగించుకుని పడవలో కూర్చున్నాడు.

"స్పీడు కొలిచే మిషను మా ఆఫీసులో లేదప్పా. గట్టుమీద ఆంజినమ్మవ్వ నడుస్తాది. ఆమెను దాటొద్దు, ఎనకబడొద్దు. అట్ల పోతే పర్మిషను ఇచ్చేస్తా."

"ఇంత నిదానంగానా సార్? ఇంజను నిద్రపోతాది!"

పడవ కదిలింది. లేచింది చిన్న అలే. కానీ అంత సన్నటి కాలువలో పాపం అది మాత్రం ఎక్కడికి పోతుంది? గట్టెక్కి, ఆంజినమ్మ బండమీద ఆరేసుకున్న కోకను లాక్కుపోయింది.

"అయ్యో, నా కొత్త కోక!" అంటూ డెబ్బై ఏళ్ల ఆంజినమ్మ దాని వెంట పరుగందుకుంది.

"సార్, అవ్వ ఉరుకుతాంది!" అని బయ్యన్న ఇంజను జోరు పెంచాడు. అల పెద్దదైంది. ఈసారి నాలుగు దుప్పట్లు, ఎవరిదో లంగా, సెక్రటరీ ఉతకడానికిచ్చిన ప్యాంటు కాలువలో దిగాయి. వాటి కోసం ఆడవాళ్లంతా పరుగు. తన కోకను ఎవరైనా ముందు దొరకబుచ్చుకుంటారేమోనని ఆంజినమ్మ ఇంకా వేగం పెంచింది. బయ్యన్నా పెంచాడు.

"ఆపప్పా!" రామదాసు కేక పెట్టాడు.

"ముందు ఆమెను ఆపు సార్! ఎనకబడితే పర్మిషను యాడొస్తాది?"

ఎనుములు బెదిరి కాలువకు అడ్డం నిలబడ్డాయి. బయ్యన్న చుక్కాని తిప్పాడు. పడవ గట్టెక్కింది, అతని మోకాలు రాతికి తగిలింది. నీళ్లలో పడిన రామదాసు, జాకెట్ పుణ్యమా అని తేలుతూ, తేలివస్తున్న తన ప్యాంటును పట్టుకున్నాడు.

ఆంజినమ్మ వగరుస్తూ వచ్చింది. "నేను కోక కోసరం ఉరికితి. నీకేం పుట్టిందిరా?"

"నీ పక్కనే పొమ్మన్యాడు గదవ్వా, సారు!"

రామదాసు ప్యాంటు పిండుకుంటూ ఆలోచించాడు. "పర్మిషను ఇస్తా బయ్యన్నా. ఇంజను కాడ మాత్రం అవ్వ కూచుంటాది. ముప్పై ఏండ్లు చేన్లో డీజిలింజను నడిపిన చెయ్యి. గట్టుమీద నడిచేది నువ్వు."

నాటి నుంచి ఆ పడవ బయ్యన్న వాచిన మోకాలు నడిచినంత వేగంగా సంతకు పోతోంది. అతను కాస్త పెద్ద అడుగేస్తే చాలు, "నిదానంరా, పర్మిషను పోతాది!" అని పడవలోంచి అవ్వ కేక వినబడుతుంది.

ఇదంతా జరిగిందే. కాలువలో నీళ్లు ఒక్కటే నా కల్పన.