ఏడో నంబరు మనిషి

ఆ రోజు ఉదయం పరిశోధకురాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎంపిక కమిటీ వస్తుంది, వీధి చివర ఆరోగ్య కేంద్రంలో ఆమె పరిశోధన పుణ్యమా అని గోడకెక్కిన పోస్టర్లు చూస్తుంది, దగ్గరే కాబట్టి ఆమె ఇంట్లో ఒక కప్పు టీ తాగి వెళ్ళిపోతుంది. అన్నీ కలిసొస్తే, రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయిన ప్రొఫెసర్ పదవి ఈసారైనా దక్కుతుంది.

ఆమెది ప్రజారోగ్య శాఖ. అంటే ఇంజక్షన్ ఇవ్వదు, నాడి చూడదు. ఈ సంగతి అపార్ట్‌మెంటులో ఎవరికీ సరిగ్గా ఎక్కలేదు. అందరూ ఆమెను 'డాక్టరమ్మ' అనే పిలుస్తారు, కానీ జ్వరమొస్తే మాత్రం ఆమె అత్తగారి దగ్గరికి వెళ్తారు. అత్తగారి దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసి తగ్గినా మిగిలిన మాత్రలు అందులో చేరతాయి. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అందులోంచే బయటికొస్తాయి.

కోడలికి పేరు తెచ్చిన వ్యాసం సరిగ్గా ఈ రోగం గురించే. మిగిలిపోయిన మాత్రలను జనం ఎందుకు దాచుకుంటారు, ఏ ధైర్యంతో మింగుతారు, ఏ హక్కుతో పక్కవాళ్ళకు పంచుతారు అని ఇరవై మందిని కూర్చోబెట్టి అడిగింది. పేర్లు రాయలేదు, నంబర్లే వేసింది. ఆడా మగా అని కూడా తెలియనివ్వలేదు. అందరిలోకీ ఏడో నంబరు మనిషి మాట ఎక్కడెక్కడికో పాకిపోయింది: "అయిదు రోజుల మందుకి మూడు రోజుల్లోనే జబ్బు తగ్గితే, మిగతా రెండు రోజుల మందూ మన పొదుపు." దాని కింద ఆమె, 'ఇరవై మందిలోనూ అత్యంత ప్రమాదకరమైన వ్యక్తి' అని రాసింది. ఆ వ్యాసాన్ని నాలుగు వందల మంది పండితులు తమ వ్యాసాల్లో ఉదహరించారు. వాళ్ళలో చదివినవాళ్ళెందరన్నది వేరే సంగతి.

ముందురోజు సాయంత్రం కమిటీ అధ్యక్షుడి పేరు తెలిసినప్పుడు ఆమె తన వ్యాసం తీసి ఏడో నంబరు పేజీ మళ్ళీ చూసుకుంది. ఆ శాఖకు పెద్ద దిక్కయిన ఆ పెద్దాయనే ఏడో నంబరు మనిషి. పేరు బయటికి రాదన్న హామీ మీద ఎప్పుడో సరదాగా నోరు విప్పి, తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు. ఇప్పుడాయన తనను తాను గుర్తుపడితే పదవి సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగంలో కూడా సుఖం ఉండదు. పోనీ ఈ బాధ ఎవరితోనైనా చెప్పుకుందామా అంటే, ఆ ఇరవై మంది ఎవరన్నది ప్రాణం పోయినా చెప్పనని సంతకం పెట్టింది. పెద్ద పండితులకు ఇతరుల వ్యాసాలు చదివే అలవాటు ఉండదన్న ఒక్క ధైర్యంతో ఈ ఉదయం ఆమె తల దువ్వుకుంటూ ఉండగా, హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఏమ్మా, పేపర్లో నా గురించి వేశారు. నాకొక్క ముక్క చెప్పలేదేం?"

దువ్వెన చేతిలోనే ఉండిపోయింది. విలేకరి ఒకడు కిందటి వారం వచ్చి వ్యాసం గురించి అడిగి వెళ్ళిన మాట నిజమే. వచ్చే నెలలో వేస్తానన్నాడు. అతనికి ఈ ఉదయమే తొందరొచ్చింది. సగం పేజీ, పైన పెద్ద అక్షరాల్లో 'ఎవరీ ఏడో నంబరు?'

"నన్నూ కూర్చోబెట్టి అడిగావుగా, ఈ ఏడో నంబరు నేనే కదా?" అంది అత్తగారు, కళ్ళజోడు సర్దుకుంటూ.

"అత్తయ్యా, అది చెప్పకూడదు."

"కాకపోతే కాదను."

"కాదని కూడా అనకూడదు."

ఆమె వృత్తిలో అంతే. ఒకరికి కాదని, ఇంకొకరికి కాదని చెప్పుకుంటూ పోతే, చివరికి ఎవరి దగ్గర నోరు మూసుకుంటుందో వాళ్ళే ఏడో నంబరని తేలిపోతుంది. అందుకని నోరు మూసుకుంది. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మిగతా సగం అత్తగారే కలుపుకుంది.

"మా అమ్మని అత్యంత ప్రమాదకరమైన మనిషని అచ్చేయించావా?" అన్నాడు భర్త, పేపరు అందుకుని.

"నువ్వూరుకోరా," అంది అత్తగారు. "ఈ వయసులో నన్నంత మాట ఎవరంటారు? మీ నాన్న బతికున్నన్నాళ్ళూ నాకేం తెలీదనే అనేవారు."

కమిటీని కలవడానికి కోడలు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళిపోయింది. అత్తగారు పేపరుతో పక్క ఫ్లాటుకు వెళ్ళింది. ఆ ఫ్లాటులో ఉండేది రిటైరైన బ్యాంకు మేనేజరు. ఆయన పేపరు శ్రద్ధగా చదివి, వేలితో ఒక మాట దగ్గర ఆగాడు.

"ఇదేంటండీ, ఇది మీరే అనుకుంటున్నారా? పొదుపు అంటున్నారిక్కడ. అది బ్యాంకు వాళ్ళ మాట. మీ కోడలు నన్ను కూడా ఒక సాయంత్రమంతా అడిగి రాసుకుంది."

"మిమ్మల్ని ఏదో మర్యాదకి అడిగుంటుందిలెండి."

ఈ మాటకు ఆయనకు రోషమొచ్చింది. లోపలికి వెళ్ళి తన మాత్రల పెట్టె తెచ్చాడు. గొడవ విని పై అంతస్తు సంగీతం టీచరు దిగి వచ్చింది. విషయం తెలుసుకుని నవ్వి, ఏడో నంబరు ఎవరో తెలిసి కూడా పెద్దవాళ్ళని బాధపెట్టడం ఇష్టం లేక ఇన్నాళ్ళూ ఊరుకున్నానని, ఇక తప్పదు కాబట్టి చెబుతున్నానని, అది తనేనని అంది. ఆవిడా పైకెళ్ళి తన గొంతు మాత్రల సంచీ తెచ్చింది. వరండాలో మాట మీద మాట పెరిగింది.

తీర్పు చెప్పే అవకాశం జీవితంలో మొదటిసారి దొరికిన భర్త ముందుకొచ్చాడు. "మా ఆవిడ చెప్పకూడదట. కమిటీ వాళ్ళకి ఆ అడ్డు లేదుగా. పెద్ద పెద్ద పండితులు, వాళ్ళకి తెలీకుండా ఉంటుందా? ఇంకాసేపట్లో మా ఇంటికే వస్తున్నారు. రండి, వాళ్ళనే అడుగుదాం."

అక్కడ ఆరోగ్య కేంద్రంలో అంతా సవ్యంగా సాగింది. అధ్యక్షుడు పోస్టర్లను దూరం నుంచి మెచ్చుకున్నాడు, ఒక్కటీ చదవలేదు. ఆయనతో వచ్చిన కమిటీ సభ్యురాలు, గణాంకాల మేడం మాత్రం ప్రతిదీ చదివి రాసుకుంది. పరిశోధకురాలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. టీకి పిలిచింది.

తలుపు తీసేసరికి సోఫాలో ముగ్గురు, టీపాయ్ మీద డబ్బా, పెట్టె, సంచీ. భర్త టీ కప్పులు పట్టుకుని చిరునవ్వుతో నిలబడ్డాడు. ఆ చిరునవ్వు చూసి ఆమెకు సగం అర్థమైంది. మిగతా సగం అధ్యక్షుడు దగ్గగానే అర్థమైంది. ఆయన దగ్గిన మరుక్షణం మూడు చేతులు మూడు మాత్రలు అందించాయి.

ఆయన మొహమాటపడలేదు. మూడింటినీ కిటికీ వైపు పెట్టి చూసి, అత్తగారి మాత్ర ఎంచుకుని, టీతో మింగేశాడు. మేడం ఏదో రాసుకుంది.

"ఇక మీరే చెప్పాలండీ," అంది అత్తగారు, గెలిచినదానిలా ముందుకు జరిగి. "ఏడో నంబరు నేనా, ఈయనా, ఈవిడా?"

"ఏడో నంబరేంటి?"

భర్త వినయంగా పేపరు అందించాడు. పరిశోధకురాలు వద్దనేలోపే అధ్యక్షుడు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆయన వాక్యం వాక్యం చదువుతూ పోతుంటే ముఖం ఎర్రబడుతూ పోయింది. ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడింది. చదవడం అయ్యాక ఆయన ఆమె వైపు చూడలేదు. అత్తగారి వైపు తిరిగాడు.

"అమ్మా, ఈ మాట మీరన్నారా?"

"అవునండీ."

"క్షమించాలి. ఈ మాట నేను క్లాసుల్లో, సభల్లో, ఆఖరికి నా కూతురి పెళ్ళి విందులో కూడా అన్నాను. ఏడో నంబరు నేను."

మేడం కలం ఆగింది. అత్తగారు మాత్రం తగ్గలేదు.

"అనడానికేముంది, ఎవరైనా అంటారు. సాక్ష్యం ఏదండీ?"

అధ్యక్షుడు జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీసి మూత తెరిచాడు. నిండా మాత్రలు. అత్తగారు వంగి చూసింది. ఆవిడ ముఖంలో, ఇష్టం లేకపోయినా, గౌరవం కనిపించింది.

"రంగుల ప్రకారం పెట్టుకున్నారా?" అనడిగింది నెమ్మదిగా.

"జబ్బుల ప్రకారం," అన్నాడాయన. పరిశోధకురాలి వైపు తిరిగాడు. "నువ్వే చెప్పమ్మా వీళ్ళకి. నేనే కదా?"

ఆమె ఊహించుకున్న ప్రమాదాల్లో ఇది లేదు. ఆయనకు కోపం వస్తుందని భయపడింది కానీ, పోటీకి దిగుతాడనుకోలేదు. ఒక్క 'అవునండి' చాలు, ఆయన సంతోషిస్తాడు, పదవి వస్తుంది. నాలుక చివర దాకా వచ్చింది కూడా.

"చెప్పకూడదండి," అంది.

"నేనే ఒప్పుకుంటుంటే ఇంకా దాపరికం ఏంటి?"

"మీరు ఒప్పుకోవచ్చండి. నేను చెప్పకూడదు. ఆ ఇరవై మందికీ మాటిచ్చాను. వాళ్ళు మర్చిపోయినా నాకు గుర్తుండాలి కదండీ."

అధ్యక్షుడు మిగతా టీ తాగకుండా లేచాడు. మేడం కూడా లేచింది. గుమ్మం దగ్గర ఆవిడ ఆగి ఏదో రాసుకుని, అధ్యక్షుడి వెనకే నడిచింది. మూడోసారి కూడా పదవి తన ఇంటి తలుపులోంచే, చెప్పులేసుకుని మరీ వెళ్ళిపోవడం ఆమె కళ్ళారా చూసింది.

"ఒక్క ముక్క అవునంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు భర్త.

ఆమె వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. అన్నేళ్ళ కష్టం, చేతులారా వదిలేశానన్న బాధ, అయినా ఇంకోసారి అడిగితే ఇంకోలా చెప్పలేనన్న మొండితనం, అన్నీ కలిసి వచ్చిన ఏడుపది. అత్తగారు వెనకే వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఊరుకోమ్మా. తలనొప్పొస్తుంది. డబ్బాలో ఒకటుంది, తెచ్చేదా?"

కోడలికి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది.

ఆ పై వారం కమిటీ నివేదిక వచ్చింది. పదవి ఆమెకే. పరిశోధన ప్రభావం గురించి మేడం రాసిన భాగంలో, అభ్యర్థి వ్యాసం గురించి చదివిన ముగ్గురికి ముగ్గురూ అది తమ గురించేనని నమ్మారని, ఇంతటి ప్రభావం తన అనుభవంలో ఎరగనని ఉంది. ఆ ప్రభావం ఏ దిక్కుగా పనిచేసిందో రాయడానికి నివేదికలో చోటు కేటాయించలేదు. తర్వాతి భాగం అధ్యక్షుడు స్వయంగా రాశాడు. అభ్యర్థి మాట మీద నిలబడే మనిషా కాదా తేల్చడం కోసం తానే ఏడో నంబరునని నటించి, గట్టిగా ఒత్తిడి తెచ్చి చూశానని, ఆమె లొంగలేదని, పరీక్ష సంతృప్తికరంగా ముగిసిందని రాసి సంతకం చేశాడు.

నివేదిక రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, పరీక్షలో భాగంగా మింగిన మాత్ర అధ్యక్షుడి కడుపుకు పడలేదట.