ఎర్రన్న ఇన్వర్టర్

సబ్‌స్టేషన్‌లో మరమ్మతుల వల్ల శుక్రవారం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా కరెంటు ఉండదని ముందురోజే ఊళ్లో చాటించారు. రాప్తాడుకు అవతలున్న ఆ పల్లెలో అందరూ తొట్లు, బిందెలు నింపుకున్నారు. ఎర్రన్న మాత్రం అనంతపురం వెళ్లి కొత్త ఇన్వర్టర్ తెచ్చి బిగించాడు. పదకొండింటికి కూతురు ప్రశాంతికి బెంగళూరు కంపెనీ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. రెండేళ్ల తిప్పలకు ఆఖరి రౌండు దాకా వచ్చిన ఉద్యోగం అదొక్కటే. ఆమె పాత ల్యాప్‌టాప్ ప్లగ్గు తీస్తే నిమిషం పనిచేయదు.

"నీకోసరమే తెచ్చినా పాపా, నిశ్చింతగా ఉండు," అన్నాడు ఎర్రన్న.

అక్కడితో ఆగితే ఎర్రన్న ఎందుకవుతాడు! వచ్చే నెల సర్పంచి ఎన్నికలు, తాను అభ్యర్థి. టీ అంగడి దగ్గర నలుగురు కనబడేసరికి నోరు ఊరుకోలేదు. "కరెంటు పోతే మా ఇంటికి రాండప్పా, ఇన్వర్టర్ ఉండాది!"

తొమ్మిదింటికి కరెంటు పోయింది. పావుగంటలో ఏడు సెల్‌ఫోన్లు వచ్చి ఛార్జింగుకు ఎక్కాయి. ఆ వెనకే లక్ష్మీనరసమ్మ మిక్సీ చంకన పెట్టుకొచ్చింది.

"చెనక్కాయల పొడి ఎర్రన్నా, రెండు నిమిషాలే."

"మిక్సీ వద్దు నాయనా!" అంది ప్రశాంతి.

"ఆయమ్మ ఇంట్లో ఐదు ఓట్లుండాయి," అని గొణుగుతూ ఎర్రన్న మిక్సీ ప్లగ్గు పెట్టాడు.

పదింటికి హనుమంతప్ప ఇస్త్రీపెట్టెతో దిగాడు. ఆయనవి తొమ్మిది ఓట్లు. పెట్టె వేడెక్కకముందే ఇన్వర్టర్ కీచుకీచుమని అరిచింది. ఎర్రన్న పరుగున వెళ్లి ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు, ఫ్యాన్లు ఆపాడు. అరుపు ఆగింది. ప్రశాంతి గడియారం చూసింది.

"ఆయప్పను పొమ్మను నాయనా. ఇంక గంట కూడా లేదు."

"ఎట్ల పొమ్మంటా? జయరాజు కాడికి పోతాడు."

జయరాజు ఎదురింటివాడు, ఎదుటి అభ్యర్థి. మేడ మీద సోలార్ పలకలున్నాయి. రెండిళ్ల మధ్య ఐదేళ్లుగా మాటల్లేవు.

పది నలభైకి మద్దిలేటి పిండి గ్రైండర్ మోసుకొచ్చాడు. పదకొండు ఓట్లు. ఎర్రన్న కూతురి ముఖం చూడకుండా ప్లగ్గు పెట్టాడు. గ్రైండర్ అర చుట్టు తిరిగింది. ఇన్వర్టర్ ఒక్క అరుపు అరిచి, కాలిన వాసన వదిలి, ఊరుకుంది.

ప్రశాంతి ఏడవలేదు. ల్యాప్‌టాప్ తీసుకుని గడప దాటింది.

"యాడికి పాపా?"

వీధి దాటి నేరుగా జయరాజు గేటు తోసుకుని లోపలికి పోయింది.

ఎర్రన్న ఆ గేటు దాటలేడు, ఇంట్లో కూర్చోలేడు. ఎండలో అరుగు మీద నిలబడ్డాడు. ఫోన్లు నిండనివాళ్లు, ఇస్త్రీ కానివాళ్లు సణుక్కుంటూ వెళ్లిపోయారు. ఆ గంటసేపు ఆయనకు ఒక్క ఓటూ గుర్తుకు రాలేదు.

పన్నెండుకు ప్రశాంతి తిరిగొచ్చింది. "ఉద్యోగం వచ్చింది నాయనా."

ఎర్రన్న కళ్లు తుడుచుకున్నాడు. నెమ్మదిగా అడిగాడు. "ఆయప్ప ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదు. నేను మాట్లాడినంతసేపూ గేటు కాడ కుర్చీ ఏసుకోని కూసున్నాడు. మద్దిలేటి గ్రైండర్ తెస్తే ఎనక్కి పంపినాడు."

మరుసటి నెల పోలింగుకు ప్రశాంతి బెంగళూరు నుంచి సెలవు పెట్టి మరీ వచ్చి ఓటేసింది. ఎర్రన్న ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు.